బయటి అరిసెలు

దీపావళి దగ్గర పడుతోందంటే మా అత్తగారింట్లో అందరికీ ముందుగా భయం పట్టుకుంటుంది. సరదాకి అంటున్న మాట కాదు. మాకు కేదారేశ్వర నోము ఉంది. నోమున్న ఇళ్ళవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, లేనివాళ్ళ కోసం చెబుతాను. ఆ రోజు పొద్దంతా ఉపవాసం. తలస్నానం చేసి, మడి కట్టుకుని, నీళ్ళు కూడా విడిగా పట్టుకుని వండాలి. వండినదేదీ రుచి చూడకూడదు. ఉప్పు ఎక్కువైందో తక్కువైందో ఆ దేవుడికే తెలియాలి. సాయంత్రం అయ్యగారు వచ్చి పూజ చేయిస్తారు. ఇరవై ఒక్క అరిసెలు, ఇరవై ఒక్క తమలపాకులు, ఇరవై ఒక్క వక్కలు, ఏది పెట్టినా ఇరవై ఒక్కటే. ఆ ప్రసాదం ఆ ఇంటిపేరు వాళ్ళే తినాలి. ఇంకొకరికి చిన్న ముక్క పెట్టినా, పారేసినా, పాడు చేసినా నోము చెడుతుంది. ఇంకొకరంటే పక్కింటివాళ్ళే కాదు, పెళ్ళయి ఇంటిపేరు మారిన ఆడపిల్ల కూడా. మా ఇంటి పద్ధతి అది.

అందుకని మా ఇంట్లో అరిసెలు రెండు వాయిలు చేస్తారు. బియ్యం అదే, బెల్లం అదే, చేసే చెయ్యి అదే. మొదటి వాయి నోముకు. అది దించి, మూతపెట్టి, పూజగదిలో పెట్టాక రెండో వాయి. దాన్ని మా అత్తమ్మ బయటి అరిసెలు అంటుంది. అవి పక్కిళ్ళకు, కొట్లో పనిచేసేవాళ్ళకు, పండుగకు వచ్చిన ఆడబిడ్డకు.

నేను పుట్టింది చేవెళ్లలో. మాదీ కిరాణా కొట్టున్న ఇల్లే. మొయినాబాద్‌కు కోడలిగా వచ్చి, నేను చెప్పబోయే ఏటికి ఇరవై రెండేళ్ళయింది. బస్సెక్కితే అరగంట దూరం లేదు కానీ వంటింటి పద్ధతుల్లో రెండిళ్ళకూ పొంతనే లేదు. మా పుట్టింట్లో నోము లేదు. మా అమ్మ పాకం పడుతూ, చిన్న పళ్ళెంలో నీళ్ళు పోసుకుని, అందులో ఒక చుక్క వేసి, వేళ్ళతో ఉండ కట్టి, ఆ ఉండను గబుక్కున నోట్లో వేసుకునేది. పంటికి సాగితే ఇంకో నిమిషం మంట, సాగకపోతే దించేయడమే. అరిసెల పాకం అంటే నాకు తెలిసింది అంతే. అత్తగారింట్లో ఇన్నేళ్ళూ అరిసెలు ఒత్తింది నేను, కాల్చింది నేను, నూనె పిండింది నేను. పాకం దగ్గరికి మాత్రం అత్తమ్మ నన్ను రానివ్వలేదు. రానివ్వనందుకు పైకి మూతి ముడిచేదాన్ని కానీ లోపల హాయిగానే ఉండేది. పాడైతే నా మీదికి రాదు కదా.

ఆ ఏడు పండుగకు ఇరవై రోజుల ముందు అత్తమ్మ బాత్రూమ్ దగ్గర జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. పిండికట్టు వేసుకుని, ఆ చేతిని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఈసారి నోము వంటంతా నువ్వే అని నాతో అంది. ఈ ఏడు మానేద్దామా అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అనలేదు. ఎందుకు అనలేదో చెప్పాలి.

ఆ ఎండాకాలంలో మా ఆయనకు గుండెనొప్పి వచ్చింది. దవాఖానలో స్టెంట్ వేసి పంపారు. నూనె, తీపి మానేయమన్నారు. మందులు నేను వేళకు ఇస్తున్నాను. కానీ అత్తమ్మ నమ్మకం మందుల మీద లేదు, నోము మీద ఉంది. దానికి వెనుక ఒక కథ ఉంది. నా పెళ్ళికి చాలా ముందు, ఒక ఏడు నోము ప్రసాదం రెండు అరిసెలు మిగిలిపోతే, ఆకలిగా ఉందన్న పనామెకు అత్తమ్మ పెట్టేసిందట. ఆ సంక్రాంతి లోపలే మామయ్య స్కూటర్ మీద వస్తూ లారీ కింద పడ్డాడు. అప్పటినుంచీ ఆమె ఆ రెండు అరిసెలనే తలుచుకుంటుంది. లారీవాణ్ణి ఒక్కనాడూ తిట్టగా నేను వినలేదు.

నేను ఇవన్నీ నమ్మను. నమ్మనని మా ఆయనతో ఎన్నోసార్లు గట్టిగా అన్నాను కూడా. కానీ మనిషి రాత్రి పక్కన పడుకుని గురకపెడుతుంటే, ఆ గురక ఒక్క క్షణం ఆగితే లేచి కూర్చునే దశలో ఉన్నాను నేను. ఆ దశలో నమ్మనని చెప్పడం తేలిక, మానేద్దామని చెప్పడం కష్టం.

ఇక వదినె సంగతి. మా ఆయనకు అక్క. పెళ్ళయి వెళ్ళి పాతికేళ్ళు అక్కడే ఉండి, ఇక ఉండలేనని ఆ ఏడు హోలీ దాటాక వచ్చేసింది. పిల్లలు లేరు. మేడ మీద గది ఇచ్చాం. మంచి మనిషి, నోరు తక్కువ. అయినా నాకు ఆమెతో పడలేదు. ఆమె నన్ను ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉండేది. ఆ వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుండేదో ఆమెకు నాకంటే ముందు తెలుసు. అత్తమ్మ ఉప్పు అడిగితే నేను లేచేలోపే ఆమె అందించేది. ఇరవై రెండేళ్ళు నాదనుకున్న పొయ్యి ముందు నేను చుట్టపుచూపుగా వచ్చినదాన్ని అయిపోయాను. దానికి తోడు ఆమె వచ్చిన నెలన్నరకే మా ఆయన దవాఖాన పాలయ్యాడు. ఆ రెంటికీ సంబంధం లేదని నాకు తెలుసు. తెలిసీ, దసరా పోయాక ఒకనాడు మా ఆయనతో అనేశాను. "ఆమె అడుగుపెట్టినంకనే గిట్లయింది. పండుగ అయినంక ఆమెకు వేరే ఎక్కడన్న చూడు" అన్నాను. ఆయన వారం తిరక్కుండా శంకర్‌పల్లిలో ఒక గది, ఒక బడి వంటశాలలో పని చూశాడు. దీపావళి అయిన మూడో రోజు వెళ్ళాలని అనుకున్నారు. వదినె సరే అంది. నేనన్న మాట ఆమె చెవిన పడిందో లేదో అప్పటికి నాకు తెలియదు.

నోము రోజు పొద్దున్నే లేచాను. ముందురోజు నానబెట్టిన బియ్యాన్ని వడకట్టి, బట్ట మీద ఆరబోసి, తడి పూర్తిగా ఆరకముందే గిర్నీకి పంపి పట్టించాను. రెండు వాయిలకు సరిపడా పిండి. జల్లించి, గట్టిగా అదిమి, తడిబట్ట కప్పాను. అరిసెల పిండి ఆరితే ఇక దేనికీ పనికిరాదు. మా ఆయన కొట్లో ఉన్నాడు. దీపావళి గిరాకీ, కనకమామిడి వైపు ఫామ్‌హౌసుల నుంచి కార్లు వచ్చి రోడ్డు మీదే ఆగి ఒత్తులు, ప్రమిదలు అడుగుతున్నాయి. అత్తమ్మ పూజగదిలో కూర్చుని ఎడమచేత్తో బంతిపూలు సర్దుతోంది. అక్కడినుంచి వంటిల్లు కనిపించదు, మాట మాత్రం వినిపిస్తుంది. పావుగంటకోసారి ఏమైందని అడుగుతోంది. అయ్యగారికి ఆ రోజు మాది కాక ఇంకా నాలుగిళ్ళు ఉన్నాయి. సరిగ్గా ఆరింటికి వస్తానని, ఆగనని ముందే కబురు పంపాడు.

మూడింటికి మొదటి పాకం పెట్టాను. పళ్ళెంలో చుక్క వేస్తే ఉండ కట్టింది. కట్టిందనుకున్నాను. పిండి పోసి కలిపి, నెయ్యి, నువ్వులు వేసి, ఒకటి ఒత్తి నూనెలో వేశాను. అది నా కళ్ళముందే విడిపోయి నూనెంతా నురగ అయింది. పాకం లేతది. గట్టిపడుతుందేమోనని రెండో వాయికి దాచిన పిండిలోంచి రెండు గుప్పెళ్ళు తీసి కలిపాను. ఇంకొకటి వేశాను. అదీ విడిపోయింది. ఆ ముద్దనంతా ఒక గిన్నెలో వేసి మూతపెట్టి మూలకు నెట్టాను.

"ఏమైందే, నూనె వాసన వస్తున్నది. అయిపాయెనా?" అని అత్తమ్మ పూజగదిలోంచి అడిగింది.

అవుతున్నాయి అత్తమ్మా అన్నాను. ఇరవై రెండేళ్ళలో ఆమెతో అంత మెత్తగా ఎప్పుడూ మాట్లాడి ఉండను.

మిగిలింది బయటి అరిసెల పిండి. అదే నోముకు వాడాలి, వేరే దారి లేదు. అంటే ఈసారి బయటివాళ్ళకు ఏమీ ఉండవు. వదినెకు ఉండవు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టింది, తట్టినా ఆగలేదు. నాలుగుంపావుకు రెండో పాకం పెట్టాను. బెల్లం కరిగి పొంగుతుంటే వంటింటి గుమ్మం అవతల ఎవరో నిలబడ్డట్టు తోచింది. వదినె. ఆ రోజు ఆమె గడప దాటి లోపలికి రాకూడదు. రాలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని గోడకు ఆనుకుని చూస్తోంది. చూడ్డానికి వచ్చిందా, నవ్వుకోవడానికి వచ్చిందా అని నాకు ఒళ్ళు మండింది. పొమ్మనే ధైర్యం లేక బెల్లం వైపు తిరిగాను.

చుక్క వేశాను. వేళ్ళతో పోగుచేశాను. మెత్తగా ఉందా, గట్టిగా ఉందా? ఇందాక ఇట్లాగే ఉందనుకుని మోసపోయాను. ఇంకో అర నిమిషం ఆగాలా? ఆగితే రాయి అవుతుంది. ఇంకో చుక్క వేసి ఉండ కట్టాను. ఆ ఉండ నోట్లో వేసుకున్నాను.

పంటికి చక్కగా సాగింది. మా అమ్మ చెప్పినట్టే. ఎంత సంతోషమేసిందంటే, మంట కట్టేసి, అదే చేత్తో పిండి గిన్నె ఎత్తి మొత్తం పాకంలో కుమ్మరించి గబగబా కలిపేశాను. పాకం మన కోసం ఆగదు. కలిపి, తలెత్తి వదినె వైపు చూశాను, చూశావా అన్నట్టుగా.

ఆమె ముఖం చూశాక నాకు అర్థమైంది. నా నాలుక మీద ఇంకా బెల్లం ఉంది.

"నోట్లె పెట్టుకున్నవు" అంది వదినె. చాలా చిన్నగా అంది, నాకు మాత్రమే వినిపించేటట్టు.

స్టూలు మీద కూలబడ్డాను. దేవుడికి పెట్టకముందే ఎంగిలి చేశాను. ఎంగిలి చేతితో పిండంతా కలిపాను. ఇంట్లో ఇంక చిటికెడు పిండి లేదు. అత్తమ్మకు చెబితే ఆ మనిషి ఏమైపోతుందో ఊహించలేను. కొడుకు గుండెకు స్టెంట్ పడిన ఏడే నోము చెడిందని ఆమె ఆ క్షణం నుంచి రోజులు లెక్కపెడుతుంది. చెప్పకపోతే? ఎంగిలి అరిసెలు దేవుడి ముందు పెట్టి, చేతులు జోడించి, మా ఆయన బాగుండాలని మొక్కాలి. నమ్మనని చెప్పే నేను ఆ పని చేయగలనా అని చూసుకుంటే, చేయలేనని తెలిసింది. పైగా ఒక మనిషి చూసింది. ఆ మనిషిని ఇంట్లోంచి పంపమన్నది నేనే. ఇప్పుడు నా బతుకు ఆమె నోట్లో ఉంది. ఆమె అత్తమ్మతో ఒక్క మాట అంటే చాలు.

వదినె గోడ వదిలి కదిలింది. పూజగది వైపే వెళ్ళిందనుకున్నాను. తర్వాత మెట్ల మీద అడుగులు వినిపించాయి, పైకి. మళ్ళీ కిందికి. ఆమె గుమ్మం అవతలే వంగి, ఒక స్టీలు గిన్నెను గడప మీదుగా లోపలికి జరిపింది. మీద తడిబట్ట ఉంది. బట్ట తీశాను. బియ్యప్పిండి. తడి పిండి, చేత్తో అదిమి ఉంది.

"నాదే. తానం చేసే నానబెట్టిన, మడి బట్టతోనే పట్టించిన. ఎవ్వరు ముట్టలె" అని, ఒక్క క్షణం ఆగి, "నేను తప్ప" అంది.

మేడ మీద ఆమెకు అరిసెల పిండి ఎందుకని అడిగాను. ఆ సమయంలో అడగాల్సిన ప్రశ్న కాదు, కానీ అడిగాను.

"ఈ ఏడు నాకు పెడ్తరో పెట్టరో అనుకున్న. చిన్నప్పటిసంది తిన్న నోరు గదా. పైన స్టవ్వు మీద నాకు నేనే నాలుగు చేసుకుందామని" అంది. ఆమె గొంతులో కోపం లేదు. వేరే చూడమని మా ఆయనతో నేనన్న మాట ఆమె విన్నదని నాకు తెలిసిపోయింది.

ఎటు చూసినా తప్పే. ఒక పక్క నా ఎంగిలి పడ్డ పిండి, ఇంకో పక్క బయటి మనిషి ముట్టిన పిండి. మా ఇంటి పద్ధతి ప్రకారం రెండూ నోముకు పనికిరావు. గడియారం నాలుగున్నర దాటింది. నేను ఎక్కువ ఆలోచించలేదు. చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి, గిన్నె కడిగి, మిగిలిన బెల్లం పెట్టాను. లోపలికి రా వదినె, నా వల్ల కాదు అన్నాను. ఆమె రాలేదు. గడపకు ఆనుకుని కిందే కూర్చుంది.

"ఈన్నించే చెప్త. చప్పుడు ఇను. బుడగలు పెద్దగున్నంతసేపు ముట్టకు. చిన్నగయి, చప్పుడు మందమైనంక చుక్కెయ్యి" అంది.

కళ్ళు మూసుకుని ఆమె వింటోంది, కళ్ళు తెరుచుకుని నేను వింటున్నాను. బెల్లం ఉడికే చప్పుడు మారుతుందని ఇన్నేళ్ళలో నేను ఎన్నడూ గమనించలేదు. నిజంగానే మారింది. ఆమె ఊ అంది. చుక్క వేశాను. ఆ ఉండను పళ్ళెం అంచుకు కొట్టమంది. కొట్టాను. మెత్తగా అతుక్కుంటే ఆగమంది, అతుక్కోలేదు. పిండి పోయమంది. పోశాను. పిండి మా పిండి కంటే చాలా నున్నగా ఉంది. చలిమిడి ముద్ద చేతికి తేలిగ్గా వదిలింది. మొదటి అరిసె నూనెలో మునిగి, తేలి, చెక్కుచెదరకుండా ఎర్రబడింది. నాకు ఏడుపొచ్చింది.

కానీ ముద్ద చిన్నది. ఒక్క మనిషికి నాలుగు చేసుకుందామనుకున్న పిండి, మహా అయితే పది పన్నెండుకు వస్తుంది. ఇరవై ఒకటి కావాలి. చిన్నగ ఒత్తు అంది వదినె. అరచేతిలో సగం మేరకే ఒత్తాను. ఉండలు ముందే చుట్టి లెక్కపెట్టుకున్నాను. పంతొమ్మిది వచ్చాయి. అన్నింట్లోంచీ కొంచెం కొంచెం గిల్లి ఇంకో రెండు చేశాను. ఐదున్నరకు ఇరవై ఒకటీ పళ్ళెంలో ఉన్నాయి. అప్పుడు వదినె నా ఎంగిలి పిండి వైపు చూపించి, అది పారెయ్యకు, బయటి అరిసెలు చెయ్యి అంది. నా ఎంగిలి ఎట్లా పెడతాను అన్నాను.

"ఊర్లోళ్ళకు పెట్టకు. నాకు పెట్టు. నీ ఎంగిలితోని నాకేం కాదు" అని లేచి వెళ్ళిపోయింది.

అయ్యగారు అన్నమాట ప్రకారం ఆరింటికి వచ్చాడు. అత్తమ్మ అరిసెల పళ్ళెం చూసి గింత చిన్నగున్నయేంది అని అడిగింది. కొత్త కదా అత్తమ్మా అన్నాను. పూజ జరిగినంతసేపూ నేను దేవుణ్ణి చూడలేదు. మా ఆయన చేతికి నోము దారం కడుతుంటే ఆ చెయ్యినే చూశాను. వదినె ముందుగదిలో కూర్చుని ఉంది. పూజ వినపడుతుంది, కనపడదు. ప్రతి ఏడూ ఆడబిడ్డ కూర్చునే చోటు అదే.

అయ్యగారు వెళ్ళాక విస్తళ్ళు వేశాం. మేం ముగ్గురం లోపల. అన్నం, పప్పు, గుమ్మడికాయ పులుసు, చింతపండు పులిహోర, పరమాన్నం. వదినెకు విడిగా వండిన అన్నం, పప్పు, నా ఎంగిలి పిండి అరిసెలు రెండు ముందుగదిలోకి ఇచ్చి వచ్చాను. ఇస్తుంటే నా చెయ్యి ఆమె చేతికి తగలకుండా చూసుకున్నాను, మడి కదా. ఇది రాయడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది.

అత్తమ్మ ఎడమచేత్తో అరిసె తుంచి నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపేసింది. ఆమె ఇంకో ముక్క తుంచి, తినకుండా వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"ఈ పిండి ఎవరు జల్లించిన్రు?" అంది.

జల్లెడ పట్టాక పల్చని బట్టలో మళ్ళీ జల్లించడం అత్తమ్మ పద్ధతి. చేతులు నొప్పులు పుడతాయని నేను ఏనాడూ ఆ పని చేయలేదు. ఆ పద్ధతి ఆమె నేర్పింది ఒక్కరికే. నేను అబద్ధం చెప్పొచ్చు. ఈసారి నేనే బట్టతో జల్లించాను అంటే సరిపోయేది. మా ఆయన తల ఎత్తి నన్నే చూస్తున్నాడు. నేను చెప్పేశాను. విడిపోయిన వాయి, నోట్లో పెట్టుకున్న పాకం, మేడ మీద గిన్నె, అన్నీ చెప్పాను. వదినెను పంపమన్నది నేనేనని, ఎందుకు పంపమన్నానో అది కూడా చెప్పాను. ఆ చివరిది ఎవరూ అడగలేదు.

అత్తమ్మ తిడుతుందనుకున్నాను. గుండెలు బాదుకుంటుందనుకున్నాను. ఆమె విస్తరి పక్కకు జరిపి గొంతు పెంచి బిడ్డా అని పిలిచింది. వదినె వచ్చి తలుపు దగ్గర నిలబడింది. అత్తమ్మ తన విస్తట్లోంచి కాదు, దేవుడి పళ్ళెంలోంచి ఒక అరిసె తీసి చెయ్యి చాచింది.

"తిను బిడ్డ. నీ పిండే" అంది. మామయ్య పోయినప్పటినుంచి ఆ మనిషి పడ్డ భయం నాకు తెలుసు. ఆ భయం ఉన్న చెయ్యి అట్లా చాచి ఉంది.

వదినె తీసుకోలేదు.

"వద్దమ్మా. తమ్మునికి పానం బాగలేదు. రేపు ఏమన్న అయితే నేను తిన్నందుకే అంటరు" అంది. ఎవరంటరు అని అత్తమ్మ అడిగింది. వదినె నా వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. "ఇన్నేండ్లు బయటిదాన్నే గదా. ఇయ్యాల పిండి తక్కువైందని ఇంటిదాన్ని చేస్తున్నరా?" అంది. అనేసి, తన ప్లేటు తనే కడిగి బోర్లించి మేడ మీదికి వెళ్ళింది. మా ఆయన చెయ్యి కడుక్కుని ఆమె వెనకే వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

నోము ప్రసాదం మిగలకూడదు, పారేయకూడదు, బయటికి పోకూడదు. ఇరవై ఒక్క అరిసెలూ మేమే తినాలి. మా ఆయనకు డాక్టరు తీపి వద్దన్నాడు, ముక్క తుంచి కళ్ళకద్దుకుని వదిలేశాడు. అత్తమ్మకు షుగరు. పూటకొకటి చొప్పున ఆమె, పూటకు రెండు చొప్పున నేను. మేడ మీద ఆమె సామాను సర్దుకునే చప్పుడు వింటూ, కింద ఆమె పిండి తింటూ కూర్చున్నాం. అవి చాలా బాగున్నాయి. మా ఇంట్లో ఇన్నేళ్ళలో అంత మంచి అరిసెలు నేను తినలేదు. అందుకే మింగడం ఇంకా కష్టమైంది.

మూడో రోజు పొద్దున ఆటో వచ్చింది. రెండు బ్యాగులు, ఆ స్టీలు గిన్నె. మా ఆయన బ్యాగులు పెడుతుంటే నేను గేటు దాకా వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఉండిపో వదినె, నేను తప్పు మాట్లాడాను అన్నాను. నిజంగానే అన్నాను. ఆమె నా చెయ్యి విడిపించుకోలేదు.

"పిండి ఇచ్చిన్నని ఉండమంటున్నవు. ఇయ్యకపోతే అనేదానివా?" అని అడిగింది.

దెప్పడానికి అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. నేను జవాబు వెతుక్కుంటూ ఉండగానే ఆమె నా చెయ్యి మెల్లగా తట్టి, ఆటో ఎక్కింది. జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు. దొరికిందేమో, చెప్పడం ఇష్టం లేదేమో.

లోపలికి వస్తే అత్తమ్మ పూజగది ముందు నేల మీద కూర్చుని ఉంది. గేటు దాకా రాలేదు. పళ్ళెంలో రెండే మిగిలాయి. ఒకటి నా వైపు జరిపి, ఒకటి తను తీసుకుంది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. సగం తిన్నాక అత్తమ్మ మాట్లాడింది.

"వచ్చే ఏడు బయటి అరిసెలకు బియ్యం నానబెట్టకు. తినేటోళ్ళు లేరు" అంది.

సరే అత్తమ్మా అన్నాను. నోటినిండా అరిసె ఉంది, ఆ రెండు మాటలు కూడా సరిగా రాలేదు.